దారమూ నిజమే, తక్కెడా నిజమే

ఎద్దు అలిసేదాకా నడిచి, అలిసిన చోట దానికి నీళ్ళు పెట్టి, మళ్ళీ అంత దూరమూ నడిస్తే వచ్చే దేశం లాంగలపురి. ఆ కోట గోడలు తేనెరంగు రాయి. గోడల మీద నెమళ్ళు, బురుజుల మీద జెండాలు, జెండాల మీద బంగారు జరీతో కుట్టిన నాగళ్ళు. పొద్దు పొడిచేసరికి ఆ నాగళ్ళన్నీ ఒక్కసారిగా వెలిగేవి. దూరపు చేలలో రైతులు తలెత్తి చూసి, "రాజు లేచాడురా, మనమూ లేద్దాం" అనుకునేవారు.

మిగతా దేశాల్లో రాజులు బంగారంతో తులాభారం తూగుతారు కదా, లాంగలపురి రాజులు మాత్రం నాగటి కర్రులతో తూగేవారు. ఏటా తొలకరికి ముందు కొలువుకూటంలో పెద్ద తక్కెడ కట్టేవారు. ఒక పళ్ళెంలో రాజు కూర్చుంటే రెండో పళ్ళెంలో ఇనుప కర్రులు పేర్చేవారు. రాజెంత బరువుంటే అన్ని కర్రులూ లేని రైతులకు పోయేవి. అందుకే ఆ దేశంలో రాజుకి కాస్త పొట్ట వస్తే ఊళ్ళలో జనం పండగ చేసుకునేవారు. నవ్వకండి, నిజం!

భూరిసేన మహారాజు నిరుడు అరవై నాలుగు కర్రులు తూగాడు. ఈ ఏడు నలభై ఒకటో కర్రు పడగానే తక్కెడ ముల్లు నిలబడిపోయింది.

కొలువంతా నోరు వెళ్ళబెట్టింది. అప్పుడు రాజగురువు ధూమ్రపాదుడు ముందుకొచ్చాడు. ఇతగాడు ఆరు నెలల కిందట ఉత్తరపు అడవుల నుంచి వచ్చిన మాంత్రికుడు. జడలు మోకాళ్ళ దాకా. నవ్వితే పెదవులు తప్ప మొహంలో ఇంకేదీ కదలదు.

"ప్రభువుల ప్రాణం కారిపోతోంది. మూడో వంతు పోనే పోయింది. ఎండ సోకితే మిగతాదీ కరుగుతుంది. తెరలు దించండి!" అన్నాడు.

తెరలు దించారు. రాజును పల్లకీలో పడుకోబెట్టి తెల్లటి శాలువాలు కప్పారు. అంతలో వెనకనుంచి ఒక గొంతు లేచింది.

"కరగడమేమిటయ్యా, నా తలకాయ! మహారాజు నడుం నిరుటికంటే వేలెడు పెరిగితేనూ!"

ఆవిడ పోలమ్మవ్వ. నలభై ఏళ్ళుగా రాజుగారి అంగీలు కుట్టే మనిషి. చేతిలో కొలత దారం పట్టుకుని ఊపుతోంది.

తక్కెడ చేసిన మల్లోజుకి రోషం వచ్చింది. "నా తక్కెడ ఏనాడూ తప్పు చూపలేదు, అగ్నిసాక్షి!" అన్నాడు.

"నా దారమూ చూపలేదు, అదే అగ్నిసాక్షి!" అంది అవ్వ.

అంతే, కొంప మునిగింది. లాంగలపురిలో ఒక పాత కట్టుబాటు ఉంది. కొలువులో ఇద్దరు ఒట్టు పెట్టి ఒకదానికొకటి పొసగని మాటలు చెబితే, ఇద్దరిలో ఒకరు రాజద్రోహి. ద్రోహిని కోట బురుజు మీంచి తోసేయాలి. ధూమ్రపాదుడు ఆ కట్టునే ఎత్తాడు. "సూర్యుడు నడినెత్తికి వచ్చేలోగా అబద్ధం ఎవరిదో తేలాలి. తేలకపోతే ఇద్దరూ బురుజెక్కుతారు."

అప్పటికి పొద్దు ఒక నిచ్చెనెత్తు ఎక్కింది.

మల్లోజుకి చేతులకీ కాళ్ళకీ ఇనుప సంకెళ్ళు వేసి, కొలువుకూటం ముందు ముంగిట్లో స్తంభానికి కట్టారు. ముసలిదానికి సంకెళ్ళెందుకులే అని అవ్వను తన కుట్టుగదిలోనే ఉంచి వాకిట్లో కాపలా పెట్టారు. మల్లోజుకి ఒక్కతే కూతురు, నాచమ్మ. తల్లి లేని పిల్ల. పన్నెండో ఏట నుంచీ తండ్రి పక్కన కూర్చుని తూనికరాళ్ళు గీకి సరిచేసేది. గీకుడు పనికి వాడే కంచు కత్తి ఎప్పుడూ నడుముకి వేలాడుతూ ఉండేది. కబురు వినగానే పరిగెత్తుకొచ్చింది.

"భయపడకు నాన్నా! ఆ ముసలమ్మ దారం మార్చేసి ఉంటుంది. నేను పోయి బయటపెడతాను" అంది.

మల్లోజు తల అడ్డంగా ఊపాడు. "పోలమ్మ నోరు చెడ్డదే గానీ చెయ్యి చెడ్డది కాదమ్మా. ఆవిడ అబద్ధమని నేనంటే నేను బతుకుతాను, నిజమే. కానీ ఆ బతుకు నేను తూచుకోలేను."

నాచమ్మ వినలేదు. అవ్వ గదికి దూసుకుపోయింది. గోడ మేకులకి నలభై దారాలు వేలాడుతున్నాయి, ఏటికొకటి, ప్రతి దారానికీ కొసన పసుపు ముడి. నాచమ్మ నిరుటి దారం లాగి, నిరుడు కుట్టిన అంగీ మీద పరిచి చూసింది. సరిపోయింది. అంతకుముందు ఏడుది చూసింది. అదీ సరిపోయింది. పదేళ్ళ దారాలు చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"అయిందా దొంగ వెతుకులాట?" అంది అవ్వ, కదలకుండా సూదికి దారం ఎక్కిస్తూ. "ఇప్పుడు పోయి మీ అయ్య తక్కెడ చూడవే. ఏ పళ్ళెం కింద మైనం అంటించాడో!"

"నాన్న తక్కెడ నేనే కట్టాను అవ్వా. ఉత్త పళ్ళేలు పెట్టి చూశాను, పళ్ళేలు మార్చి చూశాను. ముల్లు నిలువుగానే ఉంది."

"మరి ఇద్దరం నిజమే చెబితే నన్నెందుకే బురుజు మీంచి తోస్తారు? ఈ వయసులో నాకు ఎగిరే సరదా లేదు."

నాచమ్మ అంగీ మడత పెడుతూ ఆగిపోయింది. ఇంతసేపూ తను చేసిన పనేమిటి? దారం అబద్ధమైతే బాగుండునని దారం దగ్గరికొచ్చింది. రెండు నిజాల్లో ఒకదాని పీక నొక్కేద్దామని చూసింది. ఆ గురువూ అదే కదా చేస్తున్నాడు!

"అవ్వా, పొలం దున్నుతుంటే కర్రు ఖణేలుమంటుంది చూశావా? అప్పుడు రైతు కర్రుది అబద్ధం అంటాడా, మట్టిది అబద్ధం అంటాడా?"

"పిచ్చిదానా, నాగలి ఆపి అక్కడ తవ్వుతాడు. రాయైనా దొరుకుతుంది, లంకెబిందైనా దొరుకుతుంది."

"నీ దారమూ మా తక్కెడా ఢీకొట్టుకున్నాయి. ఖణేలుమంది. ఇక తవ్వాలి."

అవ్వ సూది పక్కన పెట్టి ఆ పిల్ల వంక కొత్తగా చూసింది. తర్వాత తన పాత చీర ఒకటి తీసి విసిరింది. "ఈ గొడవ తర్వాత ముగ్గులు పెట్టేవాళ్ళని తప్ప మరో ఆడదాన్ని కొలువులోకి రానివ్వరు. కట్టుకో. ఈ సూదీ పట్టుకుపో, దారిలో పైట చిరిగితే పనికొస్తుంది."

నాచమ్మ చీర కట్టి, మొహాన ముసుగు లాగి, చంకన ముగ్గుబుట్ట పెట్టుకుంది. తండ్రి పనికొట్టుకి పరిగెత్తి, బుట్టలో పిండి అడుగున ఒక చేతితక్కెడ, ఒక నాగటి కర్రు, ఒక ఏటిరాయి, ఒక ఇత్తడి దీపపు కుంది దాచింది. కొట్టులోంచి కదిలే ముందే కర్రునూ రాయినీ ఎదురెదురుగా తూచింది. అవి సరిసమానం. కుంది బరువు కాస్త ఎక్కువైతే కంచు కత్తితో గీకి దాన్నీ రాయికి సమానం చేసింది. "మూడూ ఒకే బరువు. ఇది నా చేత్తో చేశాను, నా కళ్ళతో చూశాను" అనుకుని బయల్దేరింది.

ఆహా, ఆ కొలువుకూటం! నూటొక్క చందనపు స్తంభాలు. ప్రతి స్తంభం మీదా వరికంకులు చెక్కి, ఒక్కో గింజలో ఒక్కో ముత్యం పొదిగారు. పైకప్పుకి నీలాల వానమబ్బులు, వాటి కింద వెండి వానచుక్కలు. గాలి వీస్తే చుక్కలు ఒకదానికొకటి తగిలి నిజంగా వాన పడుతున్నట్టే చప్పుడయ్యేది. ఆ చప్పుడు మధ్యన నాచమ్మ పెద్ద తక్కెడ పక్కన చతికిలబడి, ముగ్గు వేస్తున్నట్టు వంగి, చీర చాటున చేతితక్కెడ తీసింది.

రాయీ, కుందీ వేసింది. సమానం.

రాయీ, కర్రూ వేసింది. కర్రున్న పళ్ళెం ఎవరో కింద నుంచి లాగినట్టు దభీమని నేలకి కొట్టుకుంది!

ఇత్తడి మారలేదు. రాయి మారలేదు. ఇనుము మాత్రం ఇక్కడ బరువెక్కింది. ఇనుము ఎక్కడున్నా ఒకటే బరువని, అది ఎవరూ అడగకుండానే అందరూ ఒప్పుకున్నారు, తనతో సహా. ఆ ఒప్పుకోలే తప్పు. నాచమ్మ పైటలోంచి అవ్వ సూది తీసి రాతినేల మీద వదిలింది. సూది పడుకోలేదు. మొన మీద నిటారుగా నిలబడి, సన్నగా వణుకుతూ నాట్యం చేసింది.

"సూదంటురాయి!" అంది నాచమ్మ, పైకే.

తప్పు, తప్పు! పైకి అనకూడదు కదా! గురువుగారి భటులిద్దరు గిరుక్కున తిరిగారు. నాచమ్మ అప్పుడు చూసింది వాళ్ళని సరిగా. తక్కిన సైనికుల నడుముల్లో ఉక్కు కత్తులుంటే వీళ్ళ చేతుల్లో కంచు గదలు. చెప్పులకి మేకులు కూడా కంచువే!

"పట్టుకోండి దాన్ని!" అని తెరల వెనకనుంచి గురువు కేక వినిపించింది.

నాచమ్మ ముగ్గుపిండి దోసెడు తీసి వాళ్ళ కళ్ళల్లో కొట్టింది. స్తంభాల మధ్య ఉడతలా దూరింది. ఒక గద విసురుకి ముత్యాలు జలజలా రాలాయి. రెండో గద ఆమె జడని రాసుకుంటూ పోయి వాన మబ్బుకి తగిలింది, వెండి చుక్కలన్నీ ఒక్కసారి కురిశాయి. వాటి మీద కాలు జారిన భటుడు వెల్లకిలా పడ్డాడు. నాచమ్మ కూడా జారింది. జారి, జారి, ఒక తెరని చింపుకుంటూ పోయి, ఒక పల్లకీలో పడింది.

పల్లకీలో మహారాజు ఉన్నాడు.

"ఎవరే నువ్వు?" అన్నాడు భూరిసేనుడు, శాలువా గడ్డం దాకా లాక్కుంటూ. "మెల్లగా! నేను కరిగిపోతున్నాను."

"ప్రభూ, తక్కెడ మల్లోజు కూతుర్ని. ఒక్క మాట అడుగుతాను. మీకు ఆకలి వేస్తోందా?"

రాజు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తెగ వేస్తోంది. ఎవరికీ చెప్పవద్దన్నారు గురువుగారు."

"మీరు కరగడం లేదు ప్రభూ. కర్రులే ఇక్కడ బరువెక్కాయి. తక్కెడని గుమ్మం దాటించి ఆరుబయట కట్టించండి. అవే కర్రులు, అదే తక్కెడ, అదే మీరు. తేడా తెలుస్తుంది."

ధూమ్రపాదుడు తెర తోసుకొచ్చాడు. "ఎండలోకా? ప్రభూ, వెన్నముద్దలా కరిగిపోతారు! ఇది ద్రోహి కూతురు, తండ్రి కోసం ఆడుతున్న నాటకం!"

"ఔను, తండ్రి కోసమే" అంది నాచమ్మ. "నేను చెప్పింది తప్పైతే నన్నూ ఆయనతోపాటే తోయించండి. నా మాట నమ్మమని అడగడం లేదు ప్రభూ. తూగి చూడమంటున్నాను."

రాజు పాపం, పొద్దుట తూగిన దగ్గర్నుంచీ పల్లకీ దిగలేదు. కాళ్ళు కిందికి దించాడు. ఒక కాలు మోపాడు, రెండో కాలు మోపాడు. తర్వాత శాలువా విదిలించి పారేసి, కళ్ళు గట్టిగా మూసుకుని గుమ్మం దాటి ఎండలోకి నడిచాడు. కొలువంతా వెనకే ఎగబడింది. రాజు ఒక కన్ను తెరిచి తన చేతులు చూసుకున్నాడు. ఉన్నాయి. పొట్ట చూసుకున్నాడు. అది మరీ ఉంది.

ముంగిట్లో తక్కెడ కట్టారు. పొద్దు నడినెత్తికి జానెడు దూరంలో ఉంది. రాజు ఎక్కి కూర్చున్నాడు. కర్రులు పేర్చారు. నలభై ఒకటి. ముల్లు కదల్లేదు. యాభై. అరవై. అరవై నాలుగు. ముల్లు ఊగింది గానీ నిలవలేదు. అరవై ఐదో కర్రు వేశారు. నిలబడింది!

"చెప్పానా!" అని కుట్టుగది కిటికీలోంచి పోలమ్మవ్వ కేక పెట్టింది. "వేలెడు నడుం, కర్రెడు బరువు! ఓరి మల్లోజూ, నీ తక్కెడకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందిరా!"

"తక్కెడకి ఎప్పుడూ ఉంది" అన్నాడు మల్లోజు, సంకెళ్ళల్లోంచే నవ్వుతూ. "మనకే ఇప్పుడొచ్చింది పోలమ్మక్కా."

ముసలి సేనాపతి నెత్తి గోక్కున్నాడు. "అదా సంగతి! ఈమధ్య కొలువులో వంగి దండం పెడితే కత్తి నేలకేసి లాగుతోంది. రాజభక్తి పెరిగిందేమో అనుకున్నాను."

జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వులో ఒక్కడు నవ్వలేదు. ధూమ్రపాదుడి పెదవులు కూడా కదలడం మానేశాయి.

"కొలువు కింద సూదంటురాయి పెట్టించింది ఎవరు?" అన్నాడు రాజు, తక్కెడలోంచి లేస్తూ. "నా బరువుతో నీకేం పని గురువా?"

"నీ బరువుతో నాకేం పనిరా పొట్టరాజా! నాకు పని నీ కత్తులతో. రేపు చెయ్యాల్సింది, ఈ పిల్ల ఇవాళ చేయిస్తోంది!" అని మాంత్రికుడు కొలువుకూటంలోకి ఉరికి, నేల మీద మూడుసార్లు తన్నాడు.

నేల కింద ఎక్కడో కప్పీలు కిర్రుమన్నాయి. రాతిపలకలు ఉబ్బి రెండుగా చీలాయి. ఆ చీలికలోంచి చిమ్మచీకటిలాంటి నల్లరాయి వెన్ను ఒకటి పైకి తేలింది. అంతే! సైనికుల ఒరల్లోంచి కత్తులు వాటంతటవే దూసుకుని, ముంగిలి దాటి కొలువులోకి ఎగిరిపోయాయి. బల్లేలు పోయాయి, డాళ్ళు పోయాయి. అరవై ఐదు కర్రులూ కాకుల మందలా లేచి పోయాయి. ఇనుప కవచం తొడిగిన సేనాపతి బోర్లా పడి, మెట్ల మీదుగా ఈడ్చుకుపోయి నేలకి అతుక్కున్నాడు. కోటలో ఒక్క చేతిలో ఒక్క ఆయుధం లేదు. ఉత్తరపు దిక్కున, నేల అడుగు నుంచి, డప్పులు వినిపించాయి. కంచు కత్తులు పట్టిన అడవి సేన సొరంగంలో నడిచి వస్తోంది!

ఇంకో కేక వినిపించింది.

"అమ్మా, నాచీ!"

మల్లోజు ఒళ్ళంతా ఇనుప సంకెళ్ళు కదా! స్తంభం ఊడింది. ఆయన గాలికి గడ్డిపరకలా దొర్లుకుంటూ పోయి ఆ చీలికలో పడిపోయాడు. ధూమ్రపాదుడు ఆయన వెనకే దూకాడు. నాచమ్మ ఆలోచించలేదు. కర్రూ సూదీ ఇందాకే కొలువులో వదిలేసింది కనుక, ఒంటి మీద ఇనుమన్నది లేదని చూసుకుని, తనూ దూకేసింది.

పడింది మెత్తటి తోళ్ళ గుట్ట మీద. తలెత్తితే ఒక గుహ, ఏనుగు మీద ఏనుగు నిలబడినంత ఎత్తు. గోడల నిండా ఎర్రటి కెంపురాళ్ళు నిప్పుల్లా రగులుతున్నాయి. మధ్యలో రాతిగూడులో కూర్చున్నట్టు ఆ నల్లరాయి, గుడిసె అంత. దానికి కత్తులు, బల్లేలు ముళ్ళపందిలా గుచ్చుకుని ఉన్నాయి. వాటి మధ్యన, ఇటువైపు మొహాన, చేతులు బారచాచి మల్లోజు అతుక్కుని ఉన్నాడు.

"దెబ్బలు తగిలాయా నాన్నా?"

"లేదమ్మా. కానీ ముక్కు దురద పెడుతోంది, గోక్కునే దారి లేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "వెళ్ళిపో తల్లీ. వాడు సొరంగం తలుపు తియ్యడానికి పోయాడు. సేన లోపలికొస్తే ఇక ఎవరూ ఆపలేరు."

గుహ ఆ చివర మాంత్రికుడు వీపు తిప్పుకుని, కంచు తలుపు గడియలు ఒక్కొక్కటే లాగుతున్నాడు. ఏడు గడియలు. డప్పులు దగ్గరపడ్డాయి.

నాచమ్మ తండ్రి సంకెళ్ళు పట్టి లాగింది. ఊడలేదు. రాయిని తోసింది. కదలలేదు. ఏం చెయ్యాలా అని చుట్టూ చూస్తే, రాయి వెనక, గుహ గోడకీ రాయికీ నడుమ, పైకప్పు నుంచి ఒక గొలుసు వేలాడుతూ కనిపించింది. నిటారుగా, గుడిలో గంటతాడులా.

"నాన్నా, ఆ గొలుసు ఏ లోహం?"

మల్లోజు మెడ తిప్పి చూశాడు. "ఇనుమే. ఆ తుప్పు చూస్తే తెలియడం లేదూ?"

"ఇనుమైతే రాయికేసి లాగబడాలి కదా?"

"లాగబడాలి. నేనే లాగబడ్డానే!"

"మరి లాగబడలేదు."

తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గొలుసు ఇనుము, అది నిజం. రాయి ఇనుమును లాగుతుంది, అదీ నిజం. గొలుసు కదలకుండా నిలబడి ఉంది, అదీ కళ్ళ ముందు నిజమే. అంతటి ఆపదలోనూ మల్లోజు మొహం విప్పారింది. "ఖణేలుమందమ్మా" అన్నాడు.

"తవ్వుతున్నాను నాన్నా."

గొలుసు ఇటు పోకపోవడానికి ఒకటే దారి. దాన్ని అటునుంచీ అంతే బలంగా ఇంకేదో లాగుతూ ఉండాలి! నాచమ్మ రాయి వెనక్కి పరిగెత్తి గోడని తట్టింది. రాయి చప్పుడు కాలేదు, డోలు చప్పుడైంది. రాతిరంగు పులిమిన తోలుతెర! కంచు కత్తితో చర్రున చీల్చింది. లోపల, మొదటిదానికి కవలలాంటి రెండో సూదంటురాయి. మూడు పేటల ఎద్దుతోలు తాడుతో వెనక్కి కట్టి ఉంది. మొదటి రాయి వైపుకి ఒరిగి, వెళ్ళాలని తహతహలాడుతూ, తాడుని వీణ తీగలా బిగదీస్తోంది. ఈ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి లాక్కుని గూడు కూల్చుకుని అడుగుకి పోతాయి. వాటి లాగుడు వాటికే సరిపోయి, పైన అతుక్కున్న కత్తులన్నిటికీ, నాన్నకీ విడుదల. రెంటినీ ఎడంగా పట్టి ఉంచింది ఈ తాడొక్కటే!

ఐదో గడియ ఊడింది.

"నాన్నా, రాళ్ళు కలిసేటప్పుడు గట్టిగా ఊగుతుంది!"

"ఊగనీ! నువ్వు కొయ్యి! నీ కత్తికి పదును పెట్టింది నేనే కదా!"

మొదటి పేట తెగింది. ఆరో గడియ ఊడింది. రెండో పేట సగం తెగేసరికి తోలు చిట్లిన చప్పుడు గుహంతా మోగింది. ధూమ్రపాదుడు గిర్రున వెనక్కి తిరిగాడు. అతని చేతిలో కంచు కత్తి కెంపుల వెలుగులో నెత్తురులా మెరిసింది. జడలు ఎగురుతుండగా పరిగెత్తుకొస్తున్నాడు.

నాచమ్మ అతని వంక చూడలేదు. గొలుసు వంకే చూస్తోంది.

అంతవరకూ నిటారుగా వేలాడిన గొలుసు, మొట్టమొదటిసారి, వెంట్రుకవాసి పక్కకి ఒరిగింది. తాడు సాగి, రెండో రాయి బయల్దేరింది.